మెక్సికన్ హోటల్‌కి వెళ్లి కారం లేదంటారేంటండీ!

డల్లాస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లని మెక్సికన్ తిండి గురించి కదిపి చూడండి. "ఏముందండీ అందులో, అన్నం, రాజ్మా, పైన ఇంత చీజ్. చప్పిడి కూడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనక, లాండ్రీ షాపు పక్కన ఒక చిన్న టాకేరియా ఉంది, అంటే టాకోలు (మాంసమో కూరో పెట్టి మడిచిన మొక్కజొన్న రొట్టెలు) అమ్మే హోటల్. పేరు చెప్పను, ఇప్పటికే శనివారాలు కూర్చోడానికి చోటు దొరకడం లేదు. అక్కడికి ఎవరిని తీసుకెళ్లినా ఇదే పాట.

అసలు మిరపకాయే వాళ్లది. మెక్సికోలో వేల ఏళ్లుగా పండించుకుంటున్న పంటని 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెచ్చారు. అంతవరకు మన వంటల్లో ఘాటంటే మిరియాలే. టమాటా, మొక్కజొన్న కూడా అటునుంచి వచ్చినవే. మాది గుంటూరు అని మీసం మెలేసేవాళ్లు ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

మరి నోటికి కారం ఎందుకు తగల్లేదు? ఏం ఆర్డర్ చేశారో చూసుకోండి. చీజ్ ఎంచిలాడా (చీజ్ పెట్టి చుట్టి, సాస్ పోసిన రొట్టె), దాని మీద సోర్ క్రీమ్, మళ్లీ ఎక్స్‌ట్రా చీజ్. ఇంత పాలసరుకు కింద ఏ కారం బతుకుతుంది? చిప్స్‌తో ఊరికే ఇచ్చే ఎర్ర సాల్సా, అంటే వాళ్ల పచ్చడి, పిల్లాజెల్లా అందరూ తినేలా చేసింది. అసలు సరుకు టేబుల్ మీద సన్నమూతి ప్లాస్టిక్ సీసాల్లో ఉంటుంది, కనబడకపోతే అడిగితే లోపల్నుంచి తెస్తారు. ఆకుపచ్చది తొమటియ్యో అనే పుల్లటి పచ్చకాయలూ సెరానో మిరపకాయలూ కలిపి చేసింది. ఇటుకరంగుది చిలే దె ఆర్బోల్ అనే ఎండుమిర్చిది, చెంచాడు వేసుకుంటే ముక్కూ కళ్లూ ఏకమవుతాయి. టాకో దగ్గర వాళ్ల పద్ధతే అంత. కారం పక్కన పెడతారు, ఎవరికి ఎంత కావాలో వాళ్లే వేసుకోవాలి.

ఆ సాల్సా చేసే తీరు అచ్చం మన రోటి పచ్చడే. టమాటాలు, మిరపకాయలు, పొట్టు తీయని వెల్లుల్లి పెనం మీద నల్లమచ్చలు పడేదాకా కాల్చి, మూడు కాళ్ల రాతి రోట్లో నూరతారు. పోపు ఒక్కటే తక్కువ. హోటళ్లలో ఇప్పుడు మిక్సీయే అనుకోండి. మనిళ్లల్లో మాత్రం రోలు ఎక్కడుంది?

టాకోకి వాడే ఆ రొట్టె, టోర్టిల్లా, సంగతి ఎవరూ అడగరు. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగేసి రుబ్బితే వచ్చే ముద్దతో చేస్తారు దాన్ని. సున్నం తగలకపోతే మొక్కజొన్నలోని నయాసిన్ అనే బి విటమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు. పంటని పట్టుకెళ్లి ఈ పద్ధతి వదిలేసిన చోట్ల, మొక్కజొన్న మీదే బతికిన పేదల్ని ఆ విటమిన్ లోటుతో వచ్చే పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. ఇదే అమెరికాలో, దక్షిణాది రాష్ట్రాల్లో, 20వ శతాబ్దం మొదట్లో దానితో వేలమంది పోయారు.

మా టాకేరియాలో కౌంటర్ వెనక ఒకావిడ ఉంటుంది. పిండి ఉండ ప్రెస్‌లో పెట్టి ఒక్క నొక్కు నొక్కి పెనం మీద వేస్తుంది, వేళ్లతోనే తిప్పుతుంది, పొంగగానే తీసి గుడ్డలో చుడుతుంది. టాకోకి రెండేసి వేస్తారు, మాంసం రసానికి ఒకటి చిరిగినా రెండోది కాస్తుంది. పైన సన్నగా తరిగిన ఉల్లి, కొత్తిమీర, పిండుకోడానికి నిమ్మకాయ ముక్క. అంతే. మనవాళ్లు కొందరు దాన్ని ఫోర్కుతో విప్పి, లోపలిది తిని, టోర్టిల్లా ప్లేట్లో వదిలేసి లేస్తారు. నాకైతే కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో రకం ఉన్నారు. ఒకసారి మెక్సికోలోని కాంకూన్ బీచ్‌కి వెళ్లొచ్చి "ఇది ఒరిజినల్ కాదండీ, టెక్స్-మెక్స్" అని పెదవి విరిచేవాళ్లు. అవును, టెక్స్-మెక్సే, టెక్సాస్, మెక్సికో కలిసిన వంట. 1836 దాకా ఈ నేల మెక్సికోదే. ఫహీటా (కాల్చిన మాంసం ముక్కలు, రొట్టెతో) పుట్టింది దక్షిణ టెక్సాస్ పశువుల రాంచుల్లో. ఫ్రోజెన్ మార్గరీటా (ఐసుతో చేసే టెకీలా మందు) మెషీన్‌ని 1971లో ఈ డల్లాస్‌లోనే మరియానో మార్టినెజ్ అనే హోటల్ ఓనరు ఐస్‌క్రీమ్ మెషీన్‌ని మార్చి తయారుచేశాడు. అదిప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఉన్న ఊరి తిండి తింటూ ఒరిజినల్ కాదనడం ఏం పద్ధతో!

శాకాహారులు మాత్రం జాగ్రత్త. రీఫ్రైడ్ బీన్స్‌లో (ఉడికించి మెదిపిన గింజల ముద్ద) చాలా చోట్ల పంది కొవ్వు వేస్తారు, ఎర్ర అన్నం చాలాసార్లు చికెన్ రసంలో ఉడికిస్తారు. మొహమాటం లేకుండా అడగండి, చెప్తారు. నాగజెముడు ముక్కల నోపాలెస్ టాకో ఉంటే తినండి. తాగడానికి హమైకా తీసుకోండి. ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే రేకల్ని ఎండబెట్టి, మరగబెట్టి, పంచదార వేసి చల్లార్చిన నీళ్లవి. మనం ఆకు తిని వదిలేసిన మొక్కే.

ఇక డబ్బులు. బిర్యానీకి ఇరవై డాలర్లు కిక్కురుమనకుండా ఇచ్చే మనిషి మూడు డాలర్ల టాకోని చూసి "ఇంతేనా" అంటాడు. చిప్స్ బుట్ట మీద బుట్ట తెప్పించుకుని, బిల్లు తలకో ముక్క చేయించి, టిప్ దగ్గరికొచ్చేసరికి లెక్కలు మొదలెడతాడు. టెక్సాస్‌లో టిప్పుల మీద పనిచేసే సర్వర్‌కి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన కనీస జీతం గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. ఫ్రీ చిప్స్ మోసుకొచ్చేది ఆ మనిషే. మొన్న మా బావగారు "కారం లేదు కాబట్టి పది శాతం చాల్లే" అన్నారు. ఆర్బోల్ సీసా ఆయన మోచేతి పక్కనే ఉంది, చెయ్యి కూడా వెయ్యలేదు.

ఈ శనివారం పొద్దున్నే మెనూడో కోసం వెళ్తున్నా, వాళ్ల బోటీ పులుసు, వారాంతాల్లోనే చేస్తారు. బోటీ తినేవాళ్లెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. టిప్ ఇరవై శాతం, ముందే చెప్తున్నా.