దవడ ఆపరేషన్‌లో సగం పని థియేటర్ బయటే

మోకాలి కీలు మార్పిడి చేయించుకున్న పెద్దాయనను చూడ్డానికి వెళ్లిన చుట్టాలు మొదట అడిగేది ‘ఫిజియోథెరపీకి ఎవరు వస్తున్నారు?’ అనే. దవడ కీలుకు ఆపరేషన్ జరిగితే ఆ మాట అడిగేవాళ్లు ఉండరు. కుట్లు ఎప్పుడు తీస్తారు, ఏం తినొచ్చు, అంతటితో సరి. చెవి ముందు ఉండే ఆ చిన్న కీలు నమిలినా, మాట్లాడినా, ఆవలించినా కదలాల్సిందే. దానికి మాత్రం కదలిక ఎవరూ నేర్పనక్కర్లేదని ఎందుకు అనుకుంటున్నాం?

పిల్లల్లో దవడ బిగుసుకుపోయే జబ్బునే తీసుకోండి. డాక్టర్లు టీఎంజే యాంకిలోసిస్ అంటారు. మన దేశంలో దీనికి పెద్ద కారణం చిన్నప్పుడు గడ్డం నేలకు కొట్టుకునేలా పడటం. గడ్డం చిట్లితే కుట్లు వేయించి ఇంటికి తెచ్చేస్తాం. పైన కీలు దగ్గర విరిగిందేమోనన్న అనుమానం చాలామందికి రాదు. అక్కడ చేరిన రక్తం మెల్లగా ఎముకగా మారి, కింది దవడ పుర్రెకు అతుక్కుపోతుంది. చెవిలో చీము ముదిరినా కొందరికి ఇదే గతి. పళ్ల సందులోంచి జావ పోసి బిడ్డను సాకే తల్లులు ఉన్నారు. గడ్డం ఎదగదు, రాత్రి నిద్రలో ఊపిరి సరిగా ఆడదు.

దీనికి ఆపరేషన్ ఉంది, మన ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లోనే చేయగల సర్జన్లూ ఉన్నారు. అతుక్కున్న ఎముకను తొలగించి కీలుకు చోటు చేస్తారు. 1990లో అమెరికా సర్జన్ లియొనార్డ్ కాబన్ బృందం ప్రచురించిన పద్ధతిని ఇప్పటికీ ఎన్నో దేశాల్లో పాటిస్తున్నారు. టేబుల్ మీదే నోరు 35 మిల్లీమీటర్లు దాటి తెరుచుకోవాలన్నది అందులో గురి. ఆ పద్ధతిలో చివరి మెట్టు ఏమిటో తెలుసా? పట్టుదలగా చేయించే ఫిజియోథెరపీ. ఎందుకంటే పిల్లల ఎముక మళ్లీ పెరగడానికే చూస్తుంది. కదలకుండా వదిలేసిన కీలు తిరిగి బిగుసుకుంటుంది, అప్పుడు రెండో ఆపరేషన్ తప్పదు.

ఇక ఇంట్లో జరిగేది చూడండి. పళ్ల మధ్య ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటి చెక్కపుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి, కొన్నాళ్లకు ఒకటి చొప్పున పెంచాలి. రోజుకు ఎన్నోసార్లు, నెలల తరబడి. బిడ్డ ఏడుస్తుంది. తల్లి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఆ తల్లి తప్పేమీ లేదు. ఎంత నొప్పి మామూలో, ఎక్కడ ఆపాలో, వేడి కాపడం ముందు పెట్టాలో తర్వాతో పక్కన నిలబడి చూపించినవాళ్లు లేరు. డిశ్చార్జ్ కాగితం మీద ‘మౌత్ ఓపెనింగ్ ఎక్సర్‌సైజులు చేయాలి’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటే అది చికిత్స ఎలా అవుతుంది?

ఈ నేర్పడం ఆపరేషన్‌కు ముందే మొదలవ్వాలి. వాపూ నొప్పీ లేనప్పుడు పుల్ల పట్టడం, అద్దం ముందు దవడను నిటారుగా కదపడం బిడ్డకు ఆటలా అలవాటు చేయొచ్చు. వంకర దవడ సరిచేయించుకునే పెద్దవాళ్లకూ అంతే. ముందుగానే నోరు ఎంత తెరుచుకుంటుందో, మెడ, దవడ కండరాలు ఎంత బిగుతుగా ఉన్నాయో కొలిచి పెట్టుకుంటే, తర్వాత ఎంత తిరిగి రావాలో తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాత కింది పెదవి తిమ్మిరెక్కితే టెన్షన్ పడకుండా ఏం చేయాలో కూడా ముందే చెప్పాలి.

కోసిన ఎముకకు విశ్రాంతి కావాలి కదా, వ్యాయామాలు సర్జనే చెబుతాడు కదా అనేవాళ్లున్నారు. పళ్లను తీగలతో వారాల తరబడి కట్టేసిన రోజుల్లో ఆ మాట చెల్లింది. ఇప్పుడు టైటానియం ప్లేట్లు చాలావరకు ఎముకను పట్టి ఉంచుతున్నాయి. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతవరకు వెళ్లాలో సర్జనే చెప్పాలి, అందులో వాదన లేదు. కానీ ఓపీలో వందమంది ఎదురుచూస్తుంటే ఒక్క బిడ్డ దగ్గర అరగంట కూర్చునే తీరిక ఆయనకు ఎక్కడిది?

అసలు జబ్బు ఇక్కడుంది. మన ఆరోగ్య పథకాలు ఆపరేషన్లను లెక్కపెడతాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి పేదవాడికి పెద్దాసుపత్రి తలుపు తెరుచుకుంది, అది గొప్ప సంగతి. అయితే ప్యాకేజీ, అంటే పథకం ఆసుపత్రికి కట్టే సొమ్ము, ఆపరేషన్ చుట్టూ అల్లుకున్న లెక్క. ఆర్నెల్ల తర్వాత ఆ నోరు తెరుచుకుంటోందా లేదా అన్నది ఆ లెక్కలోకి రావాలి. ఫిజియోథెరపిస్టు అంటే నడుం నొప్పికి కరెంటు పెట్టే మనిషి అనే చులకన భావం కూడా పోవాలి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వాళ్లకు హోదా ఇచ్చింది, ఆసుపత్రుల్లో పని ఇవ్వాల్సింది మనమే.

కొత్త భవనాలు అక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల కోసం పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు ఉండాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయిన ఆదిలాబాద్ బిడ్డను నేరుగా ఆ కేంద్రానికి అప్పగించండి. నెలకోసారి స్కేలుతో కొలిచి, ఆ మిల్లీమీటర్లు సర్జన్‌కు ఫోన్‌లో పంపండి. ప్యాకేజీ డబ్బులో కొంత ఆపి, ఆర్నెల్ల కొలత నమోదయ్యాకే విడుదల చేయండి. ఆస్పత్రి తానే ఆ తల్లికి ఫోన్ చేసి, పుల్లలు ఎన్ని పడుతున్నాయమ్మా అని అడుగుతుంది.