సూర్యుడు కాస్త ముందు కదలాలి

సంక్రాంతిని జనవరి 14 నుంచి డిసెంబరు చివరి వారానికి మార్చాలని ఈ వ్యాసం ద్వారా సంబంధిత అధికారులను కోరుతున్నాను. ఆ అధికారులు పంచాంగకర్తలా, దేవాదాయ శాఖవారా, లేక నేరుగా సూర్య భగవానుడేనా అన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. పద్నాలుగేళ్లుగా డాలస్‌లో ఉంటూ, వీలైనప్పుడల్లా "పండక్కి" ఇంటికి వస్తూ, ఇంతవరకు ఒక్క పండగ కూడా చూడనివాడిగా ఈ విషయం మీద మాట్లాడే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను.

సమస్య చిన్నదే. అమెరికాలో బళ్లు డిసెంబరు 20 ప్రాంతంలో మూస్తారు, జనవరి మొదటి వారంలో తెరుస్తారు. ఆఫీసులో పెద్ద మేనేజరు దగ్గర్నుంచి చిన్న మేనేజరు దాకా అందరూ అప్పుడే మాయమవుతారు కాబట్టి మనం మాయమైనా ఎవరూ పట్టించుకోరు. విమానం టికెట్టు ధర చూసి గుండె పట్టుకోవాల్సిందీ అప్పుడే. పెళ్లాం పిల్లలతో సహా ఊరు రావడానికి మాకున్నది ఆ పదిహేను రోజులే. మేం తిరిగి వెళ్లి, బట్టలు ఉతుక్కుని, నిద్రలు సర్దుకుని, మొదటి మీటింగులో "హౌ వజ్ ఇండియా" అన్న ప్రశ్నకు "గుడ్, గుడ్" అని చెప్పాక, అప్పుడు తీరిగ్గా సంక్రాంతి వస్తుంది.

ఇది మా ఖర్మ అనుకుని పద్నాలుగేళ్లు ఊరుకున్నాను. ఖర్మ కాదని, ఖగోళమని మొన్న మా నాన్నగారు చెప్పారు.

నాన్నగారు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. అరుగు మీద కూర్చుని, నేను మోసుకొచ్చిన మల్టీ విటమిన్ సీసా మూత తీసి బొంగరంలా తిప్పారు. (ఆ సీసాకు ఆ ఇంట్లో జరిగిన ఉపయోగం అదొక్కటే.) "చూడు. తిరుగుతూనే తల ఎలా ఊపుతోందో. భూమి కూడా అంతే. సంక్రాంతిని ఉత్తరాయణం మొదలయ్యే రోజు అంటాం కదా. కానీ పగలు పెరగడం మొదలయ్యేది డిసెంబరు 22 ప్రాంతంలోనే. సుమారు 1700 ఏళ్ల కింద ఈ రెండూ ఒకేరోజు వచ్చేవి. ఈ తల ఊపుడు వల్ల 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరిగి, ఇప్పటికి 24 రోజులైంది." మూత కింద పడింది. "వివేకానందుడు సంక్రాంతి నాడు పుట్టాడు. తారీకు ఎంతో తెలుసా? 1863 జనవరి 12. ఇప్పుడు పండగ ఎప్పుడు వస్తోంది? 14, ఒక్కోసారి 15."

ఇందులో ఎంత దారుణం ఉందో పాఠకులు గమనించాలి. పండగ మా సెలవులకు అందకపోవడం ఒక ఎత్తు. అది ఏటా కొంచెం కొంచెంగా ఇంకా దూరం జరుగుతోంది. మా మునిమనవలు టికెట్లు కొనే నాటికి వాళ్ల బడిలో రెండో యూనిట్ టెస్టు కూడా అయిపోతుంది.

ఇంకో సంగతి చెబుతాను, ఇది కోర్టులో కూడా నిలబడుతుంది. 1952లో కేంద్ర ప్రభుత్వం మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఒక పంచాంగ సంస్కరణ కమిటీ వేసింది. ఆ కమిటీ చెప్పినట్టే 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పుష్య మాసం మొదటి రోజు డిసెంబరు 22. అంటే సూర్యుడు డిసెంబరులోనే మలుపు తిరుగుతాడని భారత ప్రభుత్వం లిఖితపూర్వకంగా ఒప్పుకుంది. ఒప్పుకుని, పండగలను మాత్రం పాత లెక్కకే వదిలేసింది. కమిటీ సభ్యుల కొడుకులెవరూ అప్పటికి డాలస్‌లో లేకపోవడమే ఇందుకు కారణమై ఉండాలి.

సూర్యుణ్ణి కదల్చడం కుదిరే పనేనా అని కొందరు అడగవచ్చు. వాళ్లు అమెరికాలో తెలుగు సంఘం కార్యక్రమానికి ఎప్పుడూ వెళ్లలేదన్నమాట. మా దగ్గర సూర్యుడు మకరరాశిలో ప్రవేశించేది హైస్కూల్ ఆడిటోరియం అద్దెకు దొరికిన శనివారం నాడు. ఒక ఏడాది ఫిబ్రవరి రెండో వారంలో ప్రవేశించాడు. పార్కింగ్ స్థలంలో మంట వెయ్యడానికి అనుమతి రాకపోతే, భోగిమంటను ప్రొజెక్టర్ పెట్టి తెర మీద చూపించారు. జరీ పంచెల మీద జాకెట్లు వేసుకున్న పెద్దమనుషులం దాని ముందు వరసగా నిలబడ్డాం. నా పక్కాయన అప్రయత్నంగా రెండు చేతులూ చాచి కాచుకున్నాడు. నేనూ చాచాను. వెచ్చగానే అనిపించింది, ప్రొజెక్టరుదే కావచ్చు.

అసలు సంక్రాంతిని చూసినవాళ్లు మాలో లేకపోలేదు. 2025 డిసెంబరులో వీసా స్టాంపింగు కోసం వచ్చిన చాలామందికి, సోషల్ మీడియా ఖాతాలు పరిశీలించాలంటూ, కాన్సులేట్ అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి జరిగాయి. పాపం, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని టెన్షన్‌లో, రాత్రంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తెల్లవారుజామున బయటికొచ్చేసరికి వీధిలో భోగిమంట. అలా దక్కింది వాళ్లకు పండగ. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వీసా అడిగితే, ఆయన ముందు సంక్రాంతి ఇచ్చాడు. మిగతా 108 బాకీ అలాగే ఉంది.

మా ఇంటి విషయానికి వస్తాను. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఊరు రావడానికి నేను సముద్రాలు దాటాలి, వాడు పంతంగి టోల్‌ప్లాజా దాటాలి. పండగ ముందు రోజుల్లో ఈ రెండింటిలో ఏది కష్టమో చెప్పలేను. వాడికి సెలవులు జనవరి 12 నుంచి. నాకు జనవరి 2 దాకా. ఆరేళ్లుగా ఒకే అమ్మ చేతి అరిసెలు, ఒకే డబ్బాలోంచి, పది రోజుల తేడాతో తింటున్నాం. వాడి పిల్లాడూ నా కూతురూ ఒకరి ఎత్తు ఒకరికి ఫోన్లో చెప్పుకుంటారు.

ఇన్ని కమిటీలూ ఇంత ఖగోళమూ చెయ్యలేని పని పోయినసారి మా అమ్మ ఒక్కతే చేసింది. "నువ్వెప్పుడొస్తే అప్పుడే పండగ" అని అందరు అమ్మలూ అంటారు. ఆవిడ ఆ మాటను తారీకులతో సహా అమలు చేసింది. మేం డిసెంబరు 24న దిగి, ముందు గుంటూరులో మా అత్తవారింటికి వెళ్లి (ఈ క్రమాన్ని ప్రశ్నించే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు), 30 సాయంత్రానికి ఊరు చేరాం. బూట్లు విప్పుతుండగానే అమ్మ ప్రకటించింది. "రేపు భోగి. ఎల్లుండి సంక్రాంతి. ఆ మర్నాడు కనుమ. పొద్దున్నే లేవండి."

లేచాం. జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు, ఎలాగూ రెండింటికే లేచి కూర్చుని ఉన్నాం. తెల్లవారుజామున నాలుగున్నరకు, ఊరంతా నిద్రపోతుంటే, మా వాకిట్లో ఒక విరిగిన కుర్చీ, రెండు తాటిమట్టలు, నాలుగు చెదపట్టిన కట్టెలు అంటుకున్నాయి. ఎదురింటి పిన్నిగారు తలుపు తీసి చూసి, బిందెడు నీళ్లతో పరుగెత్తుకొచ్చింది.

"ఏం తగలబడుతోందే?"

"ఏమీ లేదే. భోగి."

"ఇవాళా? ఎవరి భోగి?"

"మా పెద్దాడి భోగి" అంది అమ్మ, అది పంచాంగంలో ఉన్న మాటే అన్నట్టు.

పిన్నిగారు కాసేపు ఆలోచించి, బిందె కింద పెట్టి, మంట దగ్గర చేతులు కాచుకుంది. మధ్యాహ్నానికల్లా ఊళ్లో ఆ పేరే స్థిరపడింది. మాది పెద్దాడి సంక్రాంతి. జనవరిలో వచ్చేది చిన్నాడి సంక్రాంతి.

హరిదాసుకు ఏ ఇబ్బందీ లేదు, ధనుర్మాసమంతా వస్తాడు. అక్షయపాత్రలో బియ్యం పోయించుకుని, లోపల్నుంచి అరిసెల పాకం వాసన వస్తే ఒక్క క్షణం ఆగి, పక్కింటి వైపు చూసి, మళ్లీ మా ఇంటి వైపు చూసి, ఏమీ అనకుండా ముందుకు సాగిపోయాడు. వృత్తి మర్యాద అంటే అది.

భోగిపళ్ల దగ్గర మాత్రం చిన్న వివాదం నడిచింది. ఐదేళ్లలోపు పిల్లలకు పోస్తారు కదా, మా అమ్మాయికి తొమ్మిదేళ్లు నిండాయి. అమ్మ ఒప్పుకోలేదు. "దానికి ఒక్క ఏడైనా పోశామా? ఐదేళ్ల బకాయి ఉంది" అంది. కాబట్టి ఆ సాయంత్రం దాన్ని పీట మీద కూర్చోబెట్టి ఐదు విడతలు పోశారు. డిసెంబరు కదా, రేగిపళ్లు ఇంకా పళ్లు కాలేదు. పచ్చి కాయలు, చెరుకు ముక్కలు, చిల్లర నాణేలు, బంతిపూల రేకులు దోసిళ్లతో నెత్తిన పడుతుంటే, అది కళ్లు గట్టిగా మూసుకుని, "డాడీ, ఈజ్ దిస్ సేఫ్?" అని అడిగింది. చూసి చెబుతానన్నాను. మూడో విడతకు నవ్వడం మొదలుపెట్టింది. ఐదోదానికి తనే ఇంకో ఏడాది ఉందేమో లెక్క చూడమంది.

కోడిపుంజులు మాత్రం మాకు సహకరించలేదు. చట్టం పందేలను ఒప్పుకోదు కాబట్టి మా బాబాయి తన పుంజును కేవలం ప్రేమకొద్దీ పెంచుతున్నాడు. "జనవరి 14కి తయారయ్యే లెక్కలో మేపుతున్నాం. ముందుగా అంటే దాని వల్ల కాదు" అన్నాడు. ఏం మేపుతున్నావు బాబాయ్ అని అడిగితే సంచి చూపించాడు. నేను కాస్ట్‌కోలో కొన్న మూడు పౌండ్ల బాదంపప్పు. ఆ సంచి గురించి రెండు మాటలు చెప్పాలి. మనిషికి రెండు పెట్టెలు, పెట్టె 23 కేజీలు. నేను పెట్టె ఎత్తుకుని బరువు తూచే మిషన్ ఎక్కి, అందులోంచి నా బరువు తీసేసి, కిలోన్నర ఎక్కువుందని తేలితే, నా చలికోటు బయట పడేసి ఆ బాదంపప్పును ఉంచాను. అమ్మ మోకాళ్ల కోసం. దాన్ని తిన్న పుంజు ఇప్పుడు నా వంక అదోలా చూస్తోంది, దాని మోకాళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి.

ఇంతవరకు అన్నీ సవ్యంగా నడిచాయి. చిక్కు 31 రాత్రి భోజనాల దగ్గర వచ్చిపడింది. విమానం 3వ తేదీ తెల్లవారుజామున శంషాబాద్‌లో. ఊళ్లో 2వ తేదీ పొద్దున్నే కారెక్కాలి. నాన్నగారు మజ్జిగ పోసుకుంటూ, "2 అంటే మీ లెక్కలో కనుమ కదా" అన్నారు.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కనుమ నాడు కాకైనా కదలదు. మా ఇంట్లో ఆ రోజు ప్రయాణం ఎవరూ చెయ్యలేదు, తాతగారు కూడా కోర్టు వాయిదా మానుకున్నారట.

టికెట్టు మార్చుకోమంది. ఫోన్లో చూశాను. నలుగురికీ మారిస్తే అయ్యే ఖర్చును రూపాయల్లో చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మామూలు కనుమ అయితే నిషేధం వర్తిస్తుంది కానీ, ఇది మనం పెట్టుకున్న కనుమ కదా, దీనికి కాకులు కట్టుబడి ఉంటాయా అని మా ఆవిడ మెల్లగా అంది. లా పాయింటు బాగానే ఉంది. కానీ పండగ మనది, పట్టింపు కాకులది అంటే అమ్మ ఒప్పుకోదు. పండగ అంటూ చేశాక నియమం నియమమే.

రాత్రి పడుకోబోయే ముందు తీర్పు వచ్చింది. "రేపు మధ్యాహ్నం దాకా సంక్రాంతి. పన్నెండు దాటాక కనుమ. తిథులకు తగులూ మిగులూ ఉండవా ఏం? ఎల్లుండి ముక్కనుమ." సూర్యుణ్ణి రెండు వారాలు ముందుకు లాగిన మనిషికి ఒక పూట లాగడం లెక్కలోది కాదు. నాన్నగారు ఏదో అనబోయి, విటమిన్ సీసా మూత వైపు చూసి ఊరుకున్నారు. మర్నాడు పొద్దున్నే కొత్త బియ్యం పొంగలి తిని, మధ్యాహ్నం నుంచి కనుమ మినుములు, అంటే గారెలు తిన్నాం. ఆ రాత్రి ఎవరికీ ఆకలి వెయ్యలేదు.

2న పొద్దున్నే కారు వచ్చింది. పెట్టెల్లో ఆవకాయ, గోంగూర, పూతరేకులు, సున్నుండలు సర్దాం. అమ్మ పెట్టిన ఎండుకొబ్బరి తీసేశాను, అది నిప్పంటుకునే సరుకని విమానంలోకి రానివ్వరు. "కొబ్బరికి నిప్పంటుకోవడమేమిట్రా, వాళ్ల మొహం" అని ఆవిడ ఇంకో మూలలో మళ్లీ పెట్టింది. దండాలు పెట్టాం. నేను కారెక్కబోతుంటే అమ్మ "ఆగు" అంది.

ప్రహరీ గోడ మీద కాకి కూర్చుని ఉంది. కదలట్లేదు.

అందరం దాని వంకే చూస్తూ నిలబడ్డాం. డ్రైవరు ఒకసారి టైము చూసుకున్నాడు. నాన్నగారు కళ్లజోడు సర్దుకున్నారు. అమ్మ కొంగు బొడ్లో దోపుకుని, వంగి, మొన్నటి భోగిపళ్లలో మిగిలిన పచ్చి రేగికాయ ఒకటి ఏరి, గురి చూసి గోడ మీదికి విసిరింది.

కాకి ఎగిరిపోయింది.

"కదిలింది. ఇవాళ కనుమ కాదు, ఎక్కు" అంది.