ఒక పూట పరీక్షతో కొట్టేసిన దరఖాస్తుపై అప్పీలు వేయండి

దీర్ఘకాలిక జబ్బుతో బతుకుతున్నవాళ్లు వైకల్య శాతాన్ని తేల్చే సదరం శిబిరానికి వెళ్లి, పింఛనుకు కావలసిన 40 శాతం కన్నా వైకల్యం తక్కువ ఉందన్న మాట విని, ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి ఊరుకోవడం నేను చాలా ఇళ్లలో చూస్తున్నాను. డాక్టర్లే తేల్చి చెప్పాక ఇంకేం చేస్తామన్నది వాళ్ల ఉద్దేశం. ఆ ఉద్దేశంతో నాకు ఏమాత్రం అంగీకారం లేదు కనుకనే ఇంత పొడుగు పోస్టు రాస్తున్నాను. ఆ శాతం మన జబ్బు మీద ఒక పూట, ఒక గదిలో, కొద్ది నిమిషాల్లో వేసిన అంచనా. దాన్ని ప్రశ్నించే హక్కును చట్టమే ఇచ్చింది. ఆ హక్కును వాడుకోవాలి.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. మన ఊళ్లలో కీళ్లవాతం అంటారు. ఇది ఉన్నవాళ్లకు తెల్లవారేసరికి కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. గంటసేపు, కొందరికి అంతకన్నా ఎక్కువసేపు, పిడికిలి మూతపడదు, మణికట్టు తిరగదు, పాదం నేల మీద ఆనించాలంటే ప్రాణం పోతుంది. పొద్దెక్కే కొద్దీ ఆ బిగుతు కొంత సడలుతుంది. కాబట్టి ఉదయం ఆరింటికి నన్ను చూసినవాళ్లు, మధ్యాహ్నం పన్నెండింటికి నన్ను చూసినవాళ్లు ఇద్దరు వేర్వేరు మనుషులను చూసినట్టే. శిబిరం రోజున బస్సులో కూర్చోగలగడానికి నొప్పి మాత్ర వేసుకోక తప్పదు. అక్కడ పేరు పిలిచేసరికి మధ్యాహ్నం అవుతుంది. అప్పటికి బిగుతు తగ్గి, మాత్ర పనిచేసి, చేతులు కాస్త స్వాధీనంలోకి వచ్చి ఉంటాయి. నా మణికట్టు వంచి చూసిన డాక్టరు గారు, పిడికిలి బిగించమని అడిగి, నేను బిగించగానే, ‘బాగానే పనిచేస్తున్నాయి కదమ్మా’ అన్నారు. 28 శాతం వేశారు. ఆయన అబద్ధం రాశారని నేను అనను. నా వెనక ఇంకా పొడుగాటి వరస ఉంది, ఆయన చూసింది ఆయన రాశారు. కానీ నా ఉదయాలను ఆయన చూడలేదు. వారానికొకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్రల మర్నాడు కడుపులో తిప్పుతూ మంచం దిగలేని పరిస్థితినీ చూడలేదు. జబ్బు తిరగబెట్టినప్పుడు నా జడ నా కూతురు వేయాల్సి రావడాన్నీ చూడలేదు. ఇవేవీ ఆయనకు తెలిసే ఏర్పాటు ఆ గదిలో లేదు.

అందరికీ తెలియాల్సిన విషయం మరొకటి ఉంది. వైకల్యాన్ని కొలవడానికి కేంద్ర ప్రభుత్వం 2018 జనవరిలో మార్గదర్శకాలు ప్రకటించింది, 2024 మార్చిలో వాటిని సవరించింది. 2018 నాటి పత్రంలో చేతుల వైకల్యాన్ని లెక్కించేటప్పుడు కీలు ఎంత వంగుతుందన్నదీ, కండరానికి ఎంత బలం ఉందన్నదీ చూస్తే సరిపోదు. రోజువారీ పనులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తల పైన ఉన్న వస్తువును దించి తిరిగి అక్కడే పెట్టగలరా, చేత్తో కలిపి అన్నం తినగలరా, జుట్టు దువ్వి జడ వేసుకోగలరా, గ్లాసుతో నీళ్లు తాగగలరా, బొత్తాలు పెట్టుకోగలరా, బొందు ముడి వేసుకోగలరా, రాయగలరా అని పది పనుల పట్టిక ఇచ్చి, ఒక్కోదానికి 9 శాతం చొప్పున కేటాయించారు. అంటే మన ఇంట్లో, మన వంటగదిలో, మన స్నానాలగదిలో జరిగే బతుకును అడగాలన్నది ఆ పత్రం రాసినవాళ్ల ఆలోచనే. శిబిరాల్లో ఈ ప్రశ్నలు ఎంతమందిని అడుగుతున్నారు? నన్ను ఒక్కటీ అడగలేదు. నాకు తెలిసిన కీళ్లవాతం రోగుల్లో ఎవరూ తమను అడిగారని చెప్పలేదు. అప్పీలు రాసేటప్పుడు నేను మొట్టమొదట పెట్టిన అంశం ఇదే, మీరూ దీన్నే ముందు పెట్టమని చెబుతాను. ‘నాకు చాలా నొప్పిగా ఉంటుంది’ అని రాస్తే సానుభూతి దొరకవచ్చు. ‘ఫలానా పనులను పరీక్షించకుండానే శాతం నిర్ణయించారు’ అని రాస్తే అధికారి సమాధానం చెప్పాల్సి వస్తుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక గుర్తింపు పొందిన వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ వంటివి అప్పుడే జాబితాలోకి వచ్చాయి. అది గొప్ప ముందడుగు. ఆ జాబితాలో కీళ్లవాతం, లూపస్, మూత్రపిండాల జబ్బు, మూర్ఛ పేరుపేరునా లేవు. కీళ్లవాతం ఉన్నవాళ్లు కదలికకు సంబంధించిన వైకల్యం కింద, అంటే చేతులూ కాళ్లూ ఎంత దెబ్బతిన్నాయో చూపించి, ధ్రువపత్రం తెచ్చుకోవాలి. జాబితాలో పేరున్నవాళ్ల పరిస్థితి కూడా సుఖంగా ఏమీ లేదు. పాడేరు, రంపచోడవరం వైపు సికిల్ సెల్ ఉన్న పిల్లలకు నొప్పి ఉద్ధృతంగా వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. అది తగ్గాక చూస్తే వాళ్లు అందరి పిల్లల్లాగే కనిపిస్తారు. పైకి కనిపించని జబ్బు, వచ్చిపోతూ ఉండే జబ్బు అనగానే మన పరీక్షా విధానం తడబడుతుంది.

అసలు ఆ చట్టం దివ్యాంగులను ఎలా నిర్వచించిందో చదవండి. దీర్ఘకాలిక లోపం ఉండి, చుట్టూ ఉన్న అడ్డంకుల వల్ల ఇతరులతో సమానంగా సమాజంలో పాల్గొనలేకపోతున్న వ్యక్తి అని రెండో సెక్షను చెబుతుంది. 40 శాతం అన్నది కొన్ని ప్రత్యేక ప్రయోజనాల కోసం పెట్టిన గీత. ఈ తేడాను సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే నాడీ సంబంధమైన సమస్య ఉన్న ఆ సివిల్స్ అభ్యర్థికి వైద్య మండలి 6 శాతం వైకల్యమే ఉందన్నా, పరీక్ష రాయడానికి సహాయకుడిని పెట్టుకునే హక్కు ఉందని కోర్టు తీర్పునిచ్చింది. 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులోనూ, వైద్య విద్యలో ప్రవేశానికి శాతం అంకె ఒక్కటే చూసి అభ్యర్థిని తోసిపుచ్చకూడదని, చదువు కొనసాగించగలరా లేదా అన్నది మండలి పరిశీలించి కారణాలు రాయాలని చెప్పింది. ఈ తీర్పులు పింఛనుకు నేరుగా వర్తిస్తాయని నేను చెప్పడం లేదు. మనిషిని అంకెకు కుదించవద్దన్న సూత్రం మాత్రం దేశ అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్న సూత్రం, అప్పీలులో దాన్ని ప్రస్తావించడానికి మనం వెనకాడనక్కర లేదు.

గీత పెట్టడమే అన్యాయమని కూడా నేను అనడం లేదు. ప్రభుత్వ ధనానికి ఏదో ఒక ప్రమాణం ఉండి తీరాలి. కానీ గీతకు ఇటూ అటూ ఎంత తేడా ఉందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకు 15,000, డయాలసిస్ రోగులకు 10,000. తెలంగాణలో ఆసరా కింద దివ్యాంగులకు 4,016. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ వైకల్య పింఛను మాత్రం 80 శాతం వైకల్యం ఉన్నవాళ్లకే, అదీ నెలకు 300 రూపాయలు; 2012 నుంచి ఆ మొత్తం అక్కడే ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ దాకా వెళ్లని కిడ్నీ రోగులకు పింఛను రావాలంటే సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష అంకె) 5 దాటడం వంటి ప్రమాణాలు ఉన్నాయి. ఉద్దానం కొబ్బరితోటల్లో పనిచేసే మనిషికి క్రియాటినిన్ నాలుగున్నర ఉంటే అతను పనికి వెళ్లగలడా? కాళ్లు వాచి, ఆకలి చచ్చి, నాలుగడుగులకు ఆయాసపడే మనిషి పింఛను కోసం తన రక్తపరీక్ష ఇంకా చెడే వరకు ఎదురుచూడాలి. ఈ ఒక్క విషయం చాలు, ప్రమాణాలను రాసేటప్పుడు రోగులను కూర్చోబెట్టుకుని మాట్లాడాలని చెప్పడానికి.

దొంగ ధ్రువపత్రాల మాట ఎత్తకుండా ఈ చర్చ ముగియదు. అవి ఉన్నాయి, వాటివల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయింది నిజమైన రోగులే. దివ్యాంగుల ప్రయోజనాలను మోసంతో పొందినవాళ్లకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని 2016 చట్టం 91వ సెక్షనులోనే ఉంది. ఆ సెక్షనును వాడి దళారులనూ, డబ్బు తీసుకుని శాతాలు అమ్ముకున్నవాళ్లనూ పట్టుకోండి, మేమంతా మీ వెంట ఉంటాం. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగిన పింఛన్ల పునఃపరిశీలన మాత్రం ఇంటింటా భయం నింపింది. ఏళ్ల తరబడి పింఛను తీసుకుంటున్న లక్షమందికి పైగా మనుషులకు ఆగస్టులో అనర్హత నోటీసులు అందాయి. ఆందోళన పెరిగాక, అప్పీలు చేసుకోవచ్చని, మళ్లీ పరీక్ష చేయిస్తామని ప్రభుత్వం చెప్పింది. ముందు నోటీసు, తర్వాత వివరణ అన్న ఈ వరస తప్పు. నెలనెలా మందులకే ఖర్చయ్యే డబ్బు ఆగిపోతుందేమోనన్న బెంగ కూడా జబ్బును పెంచుతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని గురించి. తిరస్కరణ రెండు రకాలుగా ఉంటుంది, మీది ఏ రకమో ముందు తెలుసుకోండి. మొదటిది వైద్య మండలి శాతం తగ్గించడం. దీని మీద 2016 చట్టం 59వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. రెండోది శాతం సరిపోయినా భూమి, విద్యుత్తు వాడకం, ఇంట్లో ప్రభుత్వోద్యోగి వంటి కారణాలతో పింఛను ఆపడం. దానికి డాక్టరు కాగితాలతో పనిలేదు, ఎంపీడీవో లేదా మున్సిపల్ కమిషనరు దగ్గర తేల్చుకోవాలి. అక్కడ పని కాకపోతే సోమవారాల్లో కలెక్టరేట్లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే.

వైద్య మండలి తిరస్కరించినప్పుడు నోటిమాటతో బయటికి రాకండి. కారణాలను లిఖితపూర్వకంగా తెలపాలని నిబంధనలు చెబుతున్నాయి. 2017 నిబంధనల్లో దీనికోసమే ఎనిమిదో నంబరు ఫారం ఉంది. మిమ్మల్ని ఏ తేదీన పరీక్షించారో, ఏ కారణంతో ధ్రువపత్రం ఇవ్వడం లేదో, ఈ నిర్ణయం నచ్చకపోతే పునఃసమీక్ష కోసం ఎవరికి రాసుకోవాలో అందులో ఉండాలి. దాన్ని అడిగితే మా ఆసుపత్రి కౌంటరులో అలాంటిదేమీ లేదన్నారు. నిబంధన నకలు చూపించాక సూపరింటెండెంటు గారిని కలవమన్నారు. అడిగినవాళ్లకు కూడా ఇంత కష్టమైతే, ఆ ఫారం ఉందనే తెలియని మా ఊరి పెద్దమ్మలకు ఏం దక్కుతుంది? అక్కడ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ పరీక్ష తాలూకు అంచనా పత్రం నకలు కోరండి. 30 రోజుల్లో సమాధానం రావాలి, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. ఏ కీలుకు ఎంత వేశారు, రోజువారీ పనుల గడులు నింపారా, ఖాళీగా వదిలారా అన్నది ఆ పత్రంలో తేలిపోతుంది.

జబ్బు పేరు రాసిన ప్రిస్క్రిప్షన్ల కట్ట ఒక్కటే తీసుకెళ్లడం వల్ల లాభం తక్కువ. మీకు వైద్యం చేసే స్పెషలిస్టును ఉత్తరం అడగండి. అందులో జబ్బు ఎన్నేళ్లుగా ఉంది, ఎంత తరచుగా తిరగబెడుతుంది, అలాంటప్పుడు ఏ పనులు చేయలేరు, మందుల దుష్ప్రభావాలేమిటి, ఇది నయమయ్యేదా కాదా అన్నవి ఉండాలి. ఎముకల అరుగుదల చూపించే ఎక్స్‌రేలను తేదీల వరసలో పెట్టండి. ఒక నోటుబుక్కు తీసుకుని ఏ రోజు ఏ పనికి ఎవరి సాయం కావలసి వచ్చిందో రెండు ముక్కల్లో రాసుకోండి. బాగున్న రోజులను కూడా రాయండి, అప్పుడే బాగాలేని రోజులను నమ్ముతారు. పరీక్ష రోజున ఏ మాత్ర, ఏ సమయానికి వేసుకున్నారో డాక్టరుకు చెప్పి, నమోదు చేయమని అడగండి. మాత్ర మానేసి నొప్పితో వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయవద్దు.

ఇంతా రోగి చేయాల్సి రావడమే నన్ను బాధిస్తున్న విషయం. మంచం దిగలేని మనిషి చట్టం చదవాలి, నకళ్లు తీయాలి, వరసలో నిలబడాలి. వచ్చిపోయే జబ్బులకు గత ఏడాది ఆసుపత్రి రికార్డును చూసి శాతం నిర్ణయించాలి. కీళ్లవాతం రోగులకు ఉదయం మొదటి వరసలోనే పరీక్ష చేయాలి, మండలిలో ఎముకల డాక్టరుతో పాటు ఆ జబ్బు తెలిసిన ఫిజీషియనూ ఉండాలి. తిరస్కరించిన ప్రతి ఒక్కరి చేతిలో ఆ ఎనిమిదో నంబరు ఫారం అక్కడే పెట్టి పంపాలి. వీటిలో కొత్త చట్టం అవసరమైనది ఒక్కటీ లేదు.

నా అప్పీలు ఇంకా విచారణలో ఉంది. అందులో నా వివరాలు తీసేసి, ఖాళీలు వదిలి, తెలుగులో నమూనాగా తయారుచేసి పెట్టాను. మీకో, మీ ఇంట్లో వాళ్లకో అవసరమైతే అడగండి, సమాచార హక్కు దరఖాస్తు నమూనా కూడా కలిపి పంపుతాను.