సర్వర్ గారు మళ్ళీ లేచారు, ఓం శాంతి

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం ప్రాంతాల తెలుగువారికి శుభవార్త. మా తెలుగు సంఘం సర్వర్ గారు క్షేమంగా ఉన్నారు. రాత్రి ఒంటిగంటకు లేచారు, ఒంటిగంటంపావుకు మళ్ళీ లేచారు, ఒకటిన్నరకు ఇంకోసారి లేచారు. లేచిన ప్రతిసారీ మెయిల్ గ్రూపులో ఉన్న సభ్యులందరికీ ఆ సంగతి స్వయంగా తెలియజేశారు. ఇంత క్రమశిక్షణ కార్యవర్గంలో మనుషులెవరికీ లేదు.

మా సంఘానికి ఒక వెబ్‌సైటు ఉంది. అందులో మూడు పేజీలు: సంఘం చరిత్ర, కార్యవర్గం ఫోటోలు, 'మమ్మల్ని సంప్రదించండి'. ఫోటోల పేజీని కార్యవర్గం చూసుకుంటుంది, మిగతా రెండూ ఎవరూ చూడరు. ఈ మూడు పేజీలూ క్లౌడ్‌లో ఉంటాయి, అంటే ఎవరిదో కంప్యూటర్‌లో అద్దెకు. ఆ కంప్యూటరే మా సర్వర్ గారు. ఇది కాక ఒక మెయిల్ గ్రూపు. ఒక్క అడ్రసుకు రాస్తే అందరికీ చేరుతుంది. ఎక్కువగా శ్రద్ధాంజలులూ వనభోజనాల చందాలూ చేరుతుంటాయి. ఈ రెండూ ఇన్నేళ్ళూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా హాయిగా బతికాయి.

ఇంతలో కార్యదర్శి గారి మేనల్లుడు విశాఖ నుంచి పండక్కి వచ్చాడు.

కుర్రాడు మంచివాడే. కోడ్ రాయడం రాదు, రాయక్కర్లేదని మాత్రం గట్టిగా తెలుసు. నిజానికి రాయక్కర్లేదు కూడా. కోడ్ లేకుండానే ఒక యాప్‌ను ఇంకో యాప్‌కి కలిపే సాధనాలు ఉన్నాయి: ఐఎఫ్‌టీటీటీ 2010లో, జాపియర్ 2011లో మొదలయ్యాయి. ఆ వెనక మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్ వచ్చాయి. అన్నిటిదీ ఒకటే సూత్రం: ఇది జరిగితే అది చెయ్యి. తెర మీద రెండు డబ్బాలు, మధ్యలో ఒక గీత. మొదటి డబ్బా ట్రిగ్గర్, రెండోది యాక్షన్. మన మెయిల్ పాస్‌వర్డ్ కూడా అడగదు, 'అనుమతించు' అన్న బటన్ నొక్కించుకుంటుంది. మావాళ్ళు ఆ బటన్‌ను దేవుడికి దణ్ణం పెట్టుకుని నొక్కారు.

కుర్రాడు రెండు గీతలు గీశాడు. గ్రూపులో కొత్త మెయిల్ వస్తే దాన్ని సైటులో ప్రకటనగా ఎక్కించి సైటు మొత్తాన్ని మళ్ళీ తయారు చెయ్యి, ఇది మొదటి గీత. సైటు తయారవగానే గ్రూపుకు మెయిల్ పెట్టు, ఇది రెండోది. చదువుతున్నవారు ఈపాటికి పసిగట్టే ఉంటారు. కార్యవర్గం పసిగట్టలేదు. చప్పట్లు కొట్టి, కుర్రాడికి శాలువా కప్పి పంపించింది.

ఆ రాత్రి ఎవరో పెళ్ళిరోజు శుభాకాంక్షలు పంపారు. సైటు తయారైంది. తయారైందని గ్రూపుకు మెయిల్ వచ్చింది. కొత్త మెయిల్ వచ్చింది కదా అని సైటు మళ్ళీ తయారైంది. జాపియర్, మేక్ లాంటి వాటి ఉచిత ఖాతాల్లో కొత్త మెయిల్ కోసం 15 నిమిషాలకోసారే తొంగిచూస్తారు. ఆ పిసినారితనమే మమ్మల్ని కాపాడింది. డబ్బు కట్టి ఉంటే నిమిషానికొకసారి లేచేవారు సర్వర్ గారు.

అసలు ముచ్చట మర్నాడు పొద్దున మొదలైంది. మెయిళ్ళన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. సభ్యుల్లో రిటైరైన మాస్టార్లు, రైల్వే ఉద్యోగులు, బట్టల షావుకార్లు. 'బిల్డ్ ఫెయిల్', అంటే సైటు తయారీ కుదరలేదని వచ్చిన మెయిల్ చూసి ఒక పెద్దాయన, "బెంగ పెట్టుకోకండి, సప్లిమెంటరీ కట్టించండి, మావాడూ అలాగే పాసయ్యాడు" అని ధైర్యం చెప్పారు. 'పాత వెర్షన్ తొలగించబడింది' అన్నదానికి వరసగా ఏడుగురు "ఓం శాంతి" పెట్టారు. ఎనిమిదో ఆయన "పోయినవారు ఏ ఊరు?" అని అడిగారు. బరంపురం నుంచి ఒకావిడ, "ఏటి బాబూ, రాత్రీ పగలూ లెగుస్తున్నాడట, షుగర్ ఏమైనా ఉందేమో చూపించండి" అన్నారు. సైటు లైవ్ అయిందన్న ప్రతి మెయిల్‌కీ ఒక షావుకారు గారు తప్పకుండా రోజాపూల బొమ్మతో అభినందనలు పంపారు. ఈ జవాబులన్నీ కూడా గ్రూపులో కొత్త మెయిళ్ళే. అంటే ప్రతి ఓం శాంతికీ ఒకసారి, ప్రతి రోజాపువ్వుకీ ఒకసారి సైటు కూలి, మళ్ళీ లేచి, లేచానని చెప్పింది. ఆ చెప్పినదానికి మళ్ళీ రోజాపువ్వు. మధ్యాహ్నానికి సంఘం వెబ్‌సైటు ప్రకటనల పేజీ నిండా పోనివాళ్ళకు శ్రద్ధాంజలులే.

ఇందులో చిన్నతనం ఏమీ లేదు లెండి. 1997లో మైక్రోసాఫ్ట్‌లోనే ఒక మెయిల్ గ్రూపు విషయంలో "నన్ను తీసేయండి", "నన్ను కూడా" అని బోలెడుమంది అందరికీ జవాబులు కొట్టుకుని సర్వర్లను పడుకోబెట్టారు. 2016 నవంబరులో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవలో ఒక్క పరీక్ష మెయిల్ పొరపాటున సుమారు 8,40,000 మందికి వెళ్ళింది. గంటుంపావులో దాదాపు 50 కోట్ల మెయిళ్ళు తిరిగాయని లెక్క తేల్చారు. వాళ్ళ స్థాయికి మేం చేరలేదు కానీ, దారి అదే.

మందు ఎప్పుడో కనిపెట్టారు. యంత్రం పంపిన మెయిల్‌కి యంత్రం జవాబివ్వకూడదనీ, అలాంటి మెయిల్ మీద 'ఇది యంత్రం పంపింది' అని గుర్తు వేయాలనీ 2004లోనే ఆర్‌ఎఫ్‌సీ 3834 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్పింది. ఈ గీతల సాధనాల్లో కూడా మధ్యలో ఫిల్టర్ పెట్టుకోవచ్చు: పంపింది మన సైటే అయితే అక్కడితో ఆగు. ఒక్క షరతు! కానీ అది పెట్టాలంటే ఆ మెయిళ్ళను ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. చదివే పని తప్పుతుందనే కదా ఇదంతా కొనితెచ్చుకున్నది.

మూడో గీత సంగతి ఇంకా చెప్పలేదు. 'మమ్మల్ని సంప్రదించండి' పేజీలో ఎవరైనా రాస్తే, "మీ సందేశం అందింది, మా బృందం త్వరలో మిమ్మల్ని సంప్రదిస్తుంది" అని వెంటనే జవాబు వెళ్తుంది, షీట్‌లో ఒక వరస చేరుతుంది. బృందం అంటూ ఎవరూ లేరు. షీట్ ఎవరూ తెరవరు.

గుణుపురం అవతల ఒక ఊరి నుంచి ఒక తండ్రి రాశాడు. తెలుగు మాస్టారు రిటైరయ్యారు, ఆయన చోట ఎవరినీ వేయలేదు, పిల్లలను ఒడియా సెక్షన్‌లో కూర్చోమంటున్నారు, కలెక్టరు గారికి అర్జీ ఇవ్వాలి, పెద్దలు ఎవరైనా తోడు వస్తారా అని. అంతే అడిగాడు. డబ్బు అడగలేదు. ఆయనకు సెకనులో జవాబు వెళ్ళింది. ఆ సెకను తర్వాత ఇవాళ్టిదాకా ఒక్క మనిషి పలకలేదు. ఆ ఉత్తరం నకలు గ్రూపుకు కూడా వచ్చింది, అటొక రోజాపువ్వు ఇటొక ఓం శాంతి మధ్య పడి ఉంది. రెండోసారి రాశాడు. రెండోసారీ మా బృందం త్వరలో సంప్రదిస్తుందని వెళ్ళింది.

సిగ్గుండాలి. 1936లో సరిహద్దు గీత పడి ఒడిశాలో చేరిన ఊరు మన పర్లాకిమిడి. సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే పాఠాలు చెప్పించిన గిడుగు రామమూర్తి గారు ఉద్యోగం చేసిన ఊరు. ప్రతి ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండవేసి మైకులో గంటసేపు కన్నీళ్ళు పెట్టుకునే కార్యవర్గానికి, బతికున్న పిల్లల తండ్రి రాసిన పది లైన్లు చదివే తీరిక లేదా? ఏ యాప్‌ను ఏ యాప్‌కి కలిపితే మీకు ఆ తీరిక వస్తుంది? సర్వర్ లేస్తే అభినందనలు చెప్పడానికి వేళ్ళు ఆడుతాయి, బడి పడుకుంటే ఆడవా?

ఫిల్టర్ పెట్టిస్తానని మేనల్లుడు ఫోన్‌లో చెప్పాడట. కార్యదర్శి గారు వద్దన్నారు. ఈ మెయిళ్ళన్నీ వార్షిక నివేదికలో 'కార్యకలాపాలు' కింద చూపించారు మరి. ఆ లెక్కన సంఘం పుట్టిన దగ్గర్నుంచి ఇంత చురుకైన సంవత్సరం లేదు. ఉచిత కోటా అయిపోయి ఒక వారం సర్వర్ గారు లేవకపోతే 'స్తబ్ధత' అని విచారం కూడా వ్యక్తం చేశారు.

వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. అజెండాలో మొదటి అంశం, డబ్బు కట్టే ప్లాన్‌కి మారడం. రెండోది, వాట్సాప్‌ను కూడా కలపడం. గుణుపురం బడి 'ఇతర అంశాలు'లో కూడా లేదు. ఆ తండ్రికి నేను ఫోన్ చేశాను, వస్తానన్నాడు. ముందు వరసలో, కార్యదర్శి గారికి ఎదురుగా కూర్చోబెడతాను. లేచి మూడోసారి అదే మాట అడుగుతాడు. బృందం ఎవరో అప్పుడు చూద్దాం.