ఆ ‘పబ్బు సంప్రదాయం’ అంత పాతదేం కాదు

ఆడవాళ్ళ బట్టల గురించి, తాగుడు గురించి వాదన మొదలైతే చాలు, ఎవరో ఒకరు బ్రిటన్‌ని సాక్ష్యానికి లాక్కొస్తారు. వాట్సాప్‌లో తిరిగే ఆ సందేశం మాటలు అటూఇటూ మారినా సారాంశం ఇదీ: “పబ్బు పుట్టిందే మగవాళ్ళ కోసం. పబ్బులు పెట్టిన ఇంగ్లిష్ వాళ్ళే ఆడవాళ్ళని కౌంటర్ దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. వచ్చిన కొద్దిమందీ ఒద్దికగా గౌను వేసుకుని, పక్క గదిలో కూర్చుని, మగవాడు ఇప్పిస్తే అర గ్లాసు తాగేవాళ్ళు. ప్యాంటు వేసుకుని పింట్ (నిండు బీరు గ్లాసు) పట్టుకోవడం నిన్నగాక మొన్న వచ్చిన ఫ్యాషన్. అయినా ఇప్పుడు వాళ్ళకి అన్నీ వచ్చేశాయిగా, ఇంకా గోలెందుకు?”

తాగడం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ విషయం కాదు. తాగనివాళ్ళకి నా నమస్కారం. కానీ చరిత్ర పేరు చెప్పి చెలామణి చేస్తున్న సరుకులో నిజమెంతో చూడాలి కదా.

“పబ్బు పుట్టిందే మగవాళ్ళ కోసం”

మధ్యయుగపు ఇంగ్లండ్ పల్లెల్లో ఏల్ కాచి అమ్మినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఏల్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో చేసే పానీయం. బీరుకి చేదునీ నిలవనీ ఇచ్చే హాప్స్ పువ్వు అందులో వేసేవాళ్ళు కాదు కాబట్టి కొన్ని రోజులకే పులిసి పాడైపోయేది. అందుకే ఇంట్లోకి కాచినప్పుడు మిగిలింది అమ్మేసేవాళ్ళు. ఈ వారం ఒక ఇల్లాలు కాస్తే, వచ్చే వారం పక్కింటావిడ. ఏల్ సిద్ధమైందని తెలియడానికి గుమ్మం బయట ఒక కర్ర పాతి, దానికి కొమ్మల గుత్తి కట్టేవాళ్ళు. అది చూసి జనం వచ్చేవాళ్ళు, రుచి చూసి ధర సరిగ్గా ఉందో లేదో తేల్చే అధికారీ వచ్చేవాడు. రొట్టె, ఏల్ ధరల మీద 13వ శతాబ్దంలో వచ్చిన శాసనం ప్రకారం నియమం తప్పినవాళ్ళకి జరిమానా వేసి, పేరు రాసుకునేవాళ్ళు. ఆ జరిమానా జాబితాల నిండా ఆడవాళ్ళ పేర్లే. చరిత్రకారులకి ఈ సంగతి తెలిసింది ఆ పద్దుల వల్లే.

మరి మగవాళ్ళ చేతికి ఎప్పుడు వెళ్ళింది? లాభం పెరిగినప్పుడు. 1348లో వచ్చిపడ్డ మహా ప్లేగు తర్వాత బతికినవాళ్ళకి కూలి పెరిగింది, తాగేది కూడా పెరిగింది. తర్వాత హాప్స్ వేసిన బీరు సముద్రం అవతలి నుంచి వచ్చింది. అది నిలవ ఉంటుంది, దూరం పంపొచ్చు, పెద్ద ఎత్తున కాయొచ్చు. అయితే పెద్ద పాత్రలు కావాలి, పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి. ఆ రోజుల్లో పెళ్ళయిన ఆడదానికి తన పేరున అప్పు పుట్టడం, ఒప్పందం రాసుకోవడం కష్టం. అలా వంటింటి పని కాస్తా వ్యాపారం అయ్యేసరికి చేతులు మారింది.

అప్పుడైనా ఆడవాళ్ళు పూర్తిగా బయటికి పోలేదు. భర్త చనిపోతే పబ్బు నడిపిన వితంతువులు ఎందరో. కౌంటర్ దగ్గర మద్యం పోసే ఆడవాళ్ళు, అంటే బార్‌మెయిడ్‌ల సంగతి సరేసరి. 1908లో వాళ్ళ ఉద్యోగాల మీద వేటు వేసే వీలు కల్పిస్తూ ఒక బిల్లు వస్తే, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడిన ఈవా గోర్-బూత్, ఆమె అక్క కాన్‌స్టెన్స్ మార్కీవిచ్ మాంచెస్టర్ ఉప ఎన్నికలో బార్‌మెయిడ్‌ల తరఫున ప్రచారం చేశారు. ఆ బిల్లు తెచ్చిన ప్రభుత్వం తరఫున నిలబడి ఆ ఎన్నికలో ఓడిపోయిన అభ్యర్థి విన్‌స్టన్ చర్చిల్. కౌంటర్ వెనక నిలబడి రాత్రి దాకా గ్లాసులు నింపే ఆడదానితో ఎవరికీ పేచీ లేదు. అదే మనిషి డబ్బులిచ్చి కౌంటర్ ముందు నిలబడితేనే సంప్రదాయం గుర్తొచ్చేది!

“పక్క గదిలో కూర్చునేవాళ్ళు”

ఇది నిజమే, కాదనను. కాకపోతే ఆ గదుల లెక్క వేరు. 1930ల చివర్లో మామూలు జనం రోజువారీ బతుకుని గమనించి రాసే మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థ వాళ్ళు బోల్టన్ అనే మిల్లుల ఊరికి వెళ్ళి పబ్బుల్లో కూర్చుని ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎంతసేపు తాగుతున్నారో రాసుకున్నారు. వాళ్ళు చూసిందేమిటంటే ఒకే పబ్బులో రెండు మూడు రకాల గదులు. వాల్ట్, ట్యాప్‌రూమ్ మగవాళ్ళవి. కుర్చీలు, పియానో ఉన్న లౌంజ్‌లోకి ఆడవాళ్ళు రావొచ్చు. కానీ అదే బీరు అక్కడ పింట్‌కి ఒక పెన్నీ ఎక్కువ. అంటే ఒద్దికకి అదనపు ఛార్జీ అన్నమాట.

ఇక అసలు కథ లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోది. పత్రికల ఆఫీసులన్నీ అక్కడే ఉన్న రోజులవి. ఎల్ వీనో అనే వైన్ బార్‌లో జర్నలిస్టులు, లాయర్లు చేరేవాళ్ళు. ఆడవాళ్ళు లోపలికి రావొచ్చు గానీ కౌంటర్ దగ్గర నిలబడి అడిగితే పొయ్యరు. వెనక గదిలో బల్ల దగ్గర కూర్చోవాలి, సర్వర్ తెచ్చి ఇస్తాడు. బట్టల మీద కూడా నియమమే: మగవాళ్ళకి కోటు, టై తప్పనిసరి, ఆడవాళ్ళు ప్యాంటుతో రాకూడదు. ఆనా కూట్ అనే జర్నలిస్టు, టెస్ గిల్ అనే లాయర్ కౌంటర్ దగ్గరే నిలబడి రెండు గ్లాసుల వైన్ అడిగారు. కుదరదన్నారు. లింగ వివక్షను నిషేధించిన 1975 చట్టం కింద కేసు వేస్తే కింది కోర్టులో ఓడిపోయారు. 1982 నవంబరులో అప్పీలు కోర్టులో గెలిచారు.

పైకి చూస్తే చిన్న గొడవే. కుర్చీ వేసి కూర్చోబెట్టి తెచ్చి ఇస్తామంటే బాధేమిటి అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అప్పీలు కోర్టు పట్టుకున్నది సరిగ్గా ఆ పాయింటునే. విలేకరులు ఆ రోజు కబుర్లు పోగేసుకునేది కౌంటర్ దగ్గర ఆ తోపులాటలోనే. మంత్రి ఎవరితో భోంచేశాడు, ఏ ఎడిటరు ఉద్యోగం ఊడబోతోంది లాంటివన్నీ అక్కడ చెవిన పడాల్సినవే. వెనక గదిలో కూర్చున్న ఆడ విలేకరికి వైన్ దొరుకుతుంది, వార్త దొరకదు. ఇలాంటి నియమాలకి ‘మర్యాద’ అని పేరు పెట్టేవాళ్ళు తాము ఆ మర్యాదని ఎన్నడూ కోరుకోకపోవడం గమనించారా?

“అర గ్లాసే ఆడవాళ్ళది”

బ్రిటన్‌లో పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. డ్రాఫ్ట్ బీరు (పీపాలోంచి పోసేది) ఏయే కొలతల్లో అమ్మాలో చట్టమే చెబుతుంది: పింట్‌లో మూడో వంతు, సగం, నిండు పింట్, 2011 నుంచి మూడింట రెండు వంతులు కూడా. ఏ గ్లాసు ఎవరికో ఆ చట్టంలో లేదు. పక్కనున్న ఐర్లండ్‌లో మాత్రం 1970ల్లో కూడా ఆడవాళ్ళకి పింట్ పొయ్యని పబ్బులు ఉండేవి. జర్నలిస్టు నెల్ మెకాఫర్టీ చెప్పిన ముచ్చట ఒకటుంది. ఆమె, స్నేహితురాళ్ళు కలిసి ముప్ఫై మంది దాకా వెళ్ళి తలా ఒక బ్రాందీ చెప్పారు. వచ్చింది. చివర్లో ఒకే ఒక్క పింట్ అడిగారు. ఆడవాళ్ళకి పింట్ లేదన్నారు. అయితే బ్రాందీలకి డబ్బులూ లేవని లేచి వచ్చేశారు. ముప్ఫై బ్రాందీలకి అడ్డురాని ఆడతనం ఒక్క పింట్‌కి అడ్డొచ్చిందంటే, అది ఆరోగ్యం మీద బెంగ కాదని తెలుస్తూనే ఉంది.

ఆరోగ్యం సంగతి కూడా దాటెయ్యను. ఒకే మోతాదు తాగితే సాధారణంగా ఆడవాళ్ళ రక్తంలో ఆల్కహాల్ శాతం ఎక్కువగా ఉంటుంది. శరీరం బరువు, ఒంట్లో నీటి శాతం దానికి ముఖ్య కారణాలు. అది నిజం. కానీ బ్రిటన్ ప్రభుత్వ వైద్యాధికారులు 2016లో మగవాళ్ళకి పాత 21 యూనిట్ల లెక్క తీసేసి, ఇద్దరికీ వారానికి 14 యూనిట్లకి మించొద్దన్నారు (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్). నాలుగు శాతం బీరైతే సుమారు ఆరు పింట్లు. “మగవాడికి పర్లేదు” అనే అదనపు కోటా అక్కడితో పోయింది. ఫార్వర్డ్ చేసే అన్నయ్యలు ఈ ముక్క కూడా జతచేస్తే బాగుంటుంది.

తియ్యటి, బుడగల పానీయాలు ఆడవాళ్ళ సహజ అభిరుచి అనేది దీనికి తోక. సోమర్‌సెట్‌లోని షెప్టన్ మాలెట్‌లో షవరింగ్ కుటుంబం బేరి పండ్ల రసంతో చేసిన బేబీషామ్‌ని 1953లో మార్కెట్లోకి తెచ్చింది. చిన్న సీసా, కాడ ఉన్న వెడల్పాటి గ్లాసు, దాని మీద గెంతుతున్న బుల్లి జింక. ఆడవాళ్ళని గురిపెట్టి టీవీలో ప్రకటనలు గుప్పించారు. పబ్బుకి వచ్చే ఆడవాళ్ళకి ‘తగిన’ పానీయం ఒకటి తయారుచేసి, అది పట్టుకుంటేనే అందంగా ఉంటుందని నేర్పించారు. దెబ్బ మగవాళ్ళకీ తగిలింది. తీపి ఇష్టమైన మగవాడు నలుగురిలో అది అడగలేక చేదు బీరు మింగాడు.

“మగవాడు ఇప్పిస్తేనే తాగేవాళ్ళు”

వంతులవారీగా ఒకరు అందరికీ ఇప్పించడం, అంటే రౌండ్, పబ్బు ఆచారాల్లో గట్టిది. కానీ అది కూడా కొంతకాలం నేరమే. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు ఫ్యాక్టరీల పని దెబ్బతింటోందని 1915లో మద్యం నియంత్రణ బోర్డు ఒకరికొకరు ఇప్పించుకోవడాన్నే నిషేధించింది. భోజనంతో పాటైతే మినహాయింపు. 1916లో సౌతాంప్టన్‌లో భార్యకి డ్రింక్ కొన్నందుకు ఒకాయన్ని కోర్టుకి లాగిన సంగతి అప్పటి పత్రికల్లో వచ్చింది. ఆయన వాదన ఏమిటంటే, తన గ్లాసుకి తానే కట్టుకుంటానని ఆరు పెన్నీలు ఇచ్చింది భార్యేనట! అయినా ఆయనకి, ఆమెకి, పోసిన బార్‌మెయిడ్‌కి జరిమానా పడింది. మగవాడు ఇప్పించాలనే ఆచారం కోసం ఆ ఇంటావిడ డబ్బులు ఆయన చేతిలో పెట్టాల్సి వచ్చిందన్నమాట.

“ప్యాంటు నిన్నగాక మొన్నటిది”

విక్టోరియా రాణి కాలంలోనే లాంకషైర్‌లో విగన్ బొగ్గు గనుల పైన పనిచేసిన ఆడవాళ్ళు ప్యాంట్లు తొడుక్కుని, పైన పొట్టి గౌను చుట్టుకుని బొగ్గు ఏరేవాళ్ళు. వింతగా ఉందని వాళ్ళ ఫొటోలు కార్డులుగా అచ్చేసి అమ్ముకున్నారు కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీ ఆడవాళ్ళు మళ్ళీ ప్యాంట్లు వేశారు. మగవాళ్ళ వైపు చూస్తే, ఎత్తు మడమల చెప్పులు 17వ శతాబ్దంలో రాజులు, ప్రభువులు తొడిగినవి. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే దాకా ఇంగ్లండ్‌లో చిన్న మగపిల్లలకి గౌన్లే వేసేవాళ్ళు. స్కాట్లండ్ మగవాళ్ళు కట్టే గౌను లాంటి కిల్ట్ సంగతి ఎటూ అందరికీ తెలిసిందే.

ఇదే ముక్కకి కొందరు ఇంకోటి అతికిస్తారు: ఫలానా బట్టలు వేసుకుని పబ్బుకి వచ్చిందంటే దేనికైనా సిద్ధమేనని. ఇంగ్లండ్‌లో 2003 నాటి లైంగిక నేరాల చట్టం 74వ సెక్షన్ అంగీకారాన్ని స్వేచ్ఛ, శక్తి ఉండి తన ఇష్టంతో ఒప్పుకోవడంగా నిర్వచించింది. అందులో బట్టల ఊసు లేదు.

“ఇప్పుడు అన్నీ వచ్చేశాయిగా”

1975 చట్టం పబ్బులకి వర్తించింది గానీ సభ్యులకి మాత్రమే ఉండే క్లబ్బులకి వర్తించలేదు. 1978లో వేక్‌ఫీల్డ్‌లోని కార్మికుల క్లబ్బులో ఆడవాళ్ళు స్నూకర్ ఆడకూడదని నిషేధం పెడితే షీలా కాప్‌స్టిక్ ఉద్యమం లేవదీశారు. ఆ క్లబ్బుల సమాఖ్య ఆడవాళ్ళకి సమాన సభ్యత్వ హక్కులు ఇచ్చింది 2007లో. లండన్‌లో 1831లో పెట్టిన గ్యారిక్ క్లబ్బు, జడ్జీలు, నటులు, మంత్రులు చేరే చోటు, ఆడవాళ్ళకి సభ్యత్వం ఇవ్వాలని 2024 మేలో ఓటేసింది. మొదట చేరినవాళ్ళలో నటి జూడి డెంచ్ ఒకరు, అప్పటికి ఆమె వయసు 89. అదే లండన్‌లో వైట్స్ క్లబ్బు ఇప్పటికీ మగవాళ్ళకే సభ్యత్వం ఇస్తుంది. 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం అది నేరం కాదు.