కిట్టు రేటు తర్వాత, ముందు కిందకి దూరి బోల్టులు చూడండబ్బా

బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్టు ఎంతన్నా? రెండించీలు ఎత్తాలా, మూడా? టైరు ఏ సైజు పడుద్ది? అందరూ అడిగేది ఈ మూడే. ఇరవై ఏళ్ల మారుతి జిప్సీ కిందకి దూరి, ఇరుసుని కమాను కట్టకి బిగించే యూ బోల్టు నట్టు ఏ స్థితిలో ఉందో చూసొచ్చి అడిగేవాడు ఒక్కడూ కనపడడు. కిట్టు బిగించేది ఒక రోజు పని. పాతవి ఊడదీసేదే అసలు పని. దానికి నాలుగు రోజులు ముందే చెయ్యి పెట్టకపోతే ఆ ఒక్క రోజు కాస్తా వారమవుద్ది, బండేమో నాలుగు దిమ్మల మీద షెడ్డులో పడుంటది.

లెక్క చూడండి. నాలుగు మూలలా కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉండే జిప్సీకి గానీ పాత మహీంద్రా జీపుకి గానీ ఒక్కో కట్టకి రెండు యూ బోల్టులు, అంటే నాలుగు నట్లు. నాలుగు కట్టలకి పదహారు. కట్టకి ఒక చివర, దాన్ని చాసిస్ (బండి చట్రం) మీది హ్యాంగర్‌కి పట్టే హ్యాంగర్ బోల్టు ఒకటి, రెండో చివర ఊగే లింకు, అంటే షాకిల్, దాని పిన్నులు రెండు, అవి పన్నెండు. షాకబ్జర్లకి పైనా కిందా కలిపి ఎనిమిది. మొత్తం 36 చోట్ల పానా పడాలి. ముప్పై సాఫీగా వచ్చి ఆరు మొరాయించినా రోజంతా వాటికే సరిపోద్ది.

ఏ ఊరి బండి అనేది కూడా చూసుకోవాలి. చీమకుర్తి క్వారీల్లో తిరిగిన జీపుకి దుమ్మూ గ్రీజూ కలిసి ముద్ద కట్టి ఉంటది. చూడ్డానికి భయమేస్తది గానీ, గీకితే కింద బోల్టు మర (చుట్లు) శుభ్రంగానే ఉంటది. గిద్దలూరు, మార్కాపురం బండ్లూ దాదాపు అంతే. మైపాడు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగిన బండి మాత్రం వేరే జాతి. ఉప్పు గాలి ఒక్కటే అయితే పర్లేదు. మేత బస్తాలతో పాటు బ్లీచింగ్ బస్తాలూ అందులోనే పోతాయి. చిరిగిన బస్తాలోంచి రాలిన పొడి ఫ్లోరు సందుల్లో దిగి, తేమ తగలగానే ఇనుమును కొరకడం మొదలుపెడుద్ది. ఉప్పేమో గాల్లో తేమను లాగి పట్టుకుంటది, కాబట్టి రోహిణి కార్తెలో కూడా కట్ట చివరుండే రబ్బరు బుష్షు లోపల చెమ్మ పూర్తిగా ఆరదు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు అడుగుద్ది. ఆ చోటు లేక నట్టూ బోల్టూ ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి. ‘పట్టేసింది’ అనేది దీన్నే.

ఇక డబ్ల్యూడీ-40 స్ప్రే సంగతి. అప్పటికప్పుడు నాలుగు సార్లు కొట్టి, అయిదు నిమిషాలు టీ తాగొచ్చి, పానాకి పైపు తొడిగి లాగే అలవాటు ఎవరు నేర్పారో గానీ, బోల్టులు విరిగేది అక్కడే. దాని పేరులోని డబ్ల్యూ, డీ అంటే నీటిని తరిమేది అని అర్థం. పైపైన తుప్పుకి పనికొస్తది. ఇరవై ఏళ్ల పట్టుకి ప్రత్యేకంగా తుప్పులోకి దిగే నూనె స్ప్రేలు దొరుకుతాయి, అవి తెచ్చుకోండి. లేదంటే ఏటీఎఫ్ ఆయిలు (ఆటోమేటిక్ గేరుబాక్సులో పోసేది), అసిటోన్ సగం సగం కలిపి వాడండి. రెండూ విడిపోతాయి, పోసే ప్రతిసారీ డబ్బా కుదపాలి. అసిటోన్ పెయింటునీ రబ్బరునీ తినేస్తది, మంట తగిలితే భగ్గుమంటది, కాబట్టి ఆరుబయటే వాడాలి. బ్రేక్ ఆయిలు కలిపి పోసే వాళ్లున్నారు. పెయింటు పొలుసులుగా లేస్తది, దయచేసి ఆపండి.

నూనె ఏదైనా ముందు వైరు బ్రష్షుతో బయటికి కనపడే మరని మెరిసేదాకా రుద్దాలి. ఈ ఒక్క పని ఎవరూ చెయ్యరు. నట్టు ఊడేటప్పుడు ఆ తుప్పు మర మీదుగానే రావాలి, సగం దూరం వచ్చి మళ్లీ పట్టేసేది అందుకే. రుద్దాక నూనె పోసి, నట్టు పలకల మీద సుత్తితో నాలుగు పక్కలా తట్టండి. బలంగా అక్కర్లేదు, అదిరితే చాలు, ఆ అదురుకే తుప్పులో సన్న బీటలు పడి నూనె లోపలికి దిగుద్ది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఇట్టా నాలుగు రోజులు. మధ్యలో బండి తిప్పండి, గతుకుల రోడ్డయితే ఇంకా మంచిది.

అయిదో రోజు, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగానే అన్ని నట్లూ అర చుట్టు మాత్రం వదులు చేసి ఆపండి. జాకీ మీద ఊగే బండిని బలంగా లాగితే ఏమవుద్దో చెప్పక్కర్లేదు. సాకెట్టు ఆరు పలకలదే వాడాలి. పన్నెండు మూలల రింగు పానా అరిగిన నట్టు మీద జారి, ఉన్న మూలలు కూడా గుండ్రం చేసేస్తది. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు కాస్త కదపండి, ‘టిక్’ మని పట్టు వదులుద్ది. తర్వాత పావు చుట్టు విప్పడం, కాస్త వెనక్కి, మళ్లీ విప్పడం. వస్తా ఉంది గదా అని ఏకబిగిన తిప్పితే ఆ రాపిడి వేడికి మర అతుక్కుపోద్ది.

పైపు తొడిగే వాళ్లకి ఒక లెక్క. 8.8 గ్రేడు (బలం చెప్పే అంకె) ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల బోల్టుని మామూలుగా బిగించేది సుమారు 80 న్యూటన్ మీటర్లకి. మీటరు పైపు చివర యాభై కిలోల మనిషి వేలాడితే పడేది 490 న్యూటన్ మీటర్లు. తుప్పు వదలకముందే బోల్టు మెడ తెగుద్ది. రెండడుగుల కడ్డీకి లొంగకపోతే ఇంకా నానలేదని అర్థం, పైపు పొడుగు పెంచొద్దు. ఇంపాక్ట్ గన్ మేలు, దాని దెబ్బల అదురు తుప్పుని పగలగొడుద్ది.

అందరూ బోర్లా పడేది హ్యాంగర్ బోల్టు దగ్గర. నట్టు హాయిగా ఊడొస్తది, ‘అయిపోయింది’ అనుకుంటారు. బోల్టు రాదు. తల తిప్పితే తిరుగుద్ది, వదిలితే స్ప్రింగులాగా వెనక్కి వస్తది. బుష్షు లోపల ఉక్కు గొట్టం ఉంటది గదా, బోల్టు ఆ గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది, మీరు తిప్పేది రబ్బరునే. ఎంత తిప్పినా రబ్బరు మెలిపడుద్ది తప్ప ఏం లాభం లేదు. నూనె కూడా అంత లోపలికి పోదు. నట్టుని మళ్లీ మర చివరిదాకా ఎక్కించి, దాని మీద సుత్తితో కొట్టి చూడండి, నట్టు లేకుండా కొడితే మర నలిగిపోద్ది. నాలుగు దెబ్బలకి కదలకపోతే ఆశ వదులుకోండి. చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, కట్ట బరువు దించి, హ్యాంగర్‌కీ బుష్షుకీ మధ్య సందులో రెండు పక్కలా బోల్టుని కోసేయండి. ఒక మిల్లీమీటరు డిస్కు పడితే గ్రైండరు, పట్టకపోతే యాక్సా బ్లేడు. హ్యాంగర్ రేకుకి మాత్రం గాటు పడకూడదు, అది చాసిస్‌లో భాగం. కళ్లద్దాలు లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. బోల్టూ బుష్షూ ఎట్టాగూ కొత్తవే వేస్తాం, వాటి మీద జాలి దేనికి?

గ్యాస్ మంట గురించి ఆటోనగర్‌లో ఎవరినడిగినా ‘కాలిస్తే వస్తదన్నా’ అంటారు. నిజమే, కానీ కాల్చేది నట్టుని, బోల్టుని కాదు. 14 మిల్లీమీటర్ల నట్టు, బోల్టు కంటే 300 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే రంధ్రం తెరుచుకునేది మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. అంతే చాలు. కాస్త చల్లారాక కొవ్వొత్తి మైనం మరకి తాకిస్తే కరిగి లోపలికి పీల్చుకుంటది. నూనె నానబెట్టిన చోట తుడవకుండా మంట పెడితే అంటుకుంటది. బుష్షు, బ్రేకు గొట్టం, ట్యాంకు, షాకబ్జర్ దగ్గర మంట వద్దే వద్దు, గ్యాసు నింపిన షాకబ్జర్ పేలుద్ది. కమాను పట్టీ ఎర్రగా కాలితే గట్టిదనం పోయి అక్కడే కుంగుద్ది. 2010 తర్వాత వచ్చిన పాత థార్‌కి ముందుండే, మెలిపడి స్ప్రింగులా పనిచేసే టార్షన్ బారు కూడా అట్టాంటిదే.

యూ బోల్టులకి ఇంత తంటా అక్కర్లేదు, రాకపోతే కోసేయండి. ఒకసారి బిగించి సాగిన యూ బోల్టు మళ్లీ వాడేది కాదు. పాతవే బాగున్నాయని తిరిగి బిగించి డబ్బులు మిగిల్చామనే వాళ్లని చూస్తే ఒళ్లు మండుద్ది.

బ్రేకు గొట్టం నట్టుని మామూలు స్పానరుతో ముట్టొద్దు. లిఫ్ట్‌కి పొడుగు గొట్టం వేయాలంటే అది విప్పాల్సిందే, నట్టు మూలలు గుండ్రం అయితే ఇనప పైపు మొత్తం మార్చాలి. నట్టుని చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానరు ఒకటి కొనండి.

కొత్త బోల్టు తల మీద 8.8 గానీ 10.9 గానీ అంకె ఉందో లేదో చూసి తీసుకోండి, అంకె లేనిది గేటుకి పనికొస్తది. బుష్షు గొట్టంలోకి పోయే నున్నటి భాగానికి కాపర్ పేస్టు పల్చగా పూయండి, మరకి వద్దు, జారుడు పెరిగి లెక్కకి మించి బిగుసుకుంటది. హ్యాంగర్, షాకిల్ బోల్టుల చివరి బిగింపు బండి నేలకి దిగి బరువు పడ్డాకే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడే ఉండి త్వరగా చిరుగుద్ది. యూ బోల్టులు మాత్రం వంద కిలోమీటర్లకి ఒకసారి, అయిదు వందలకి ఇంకోసారి మళ్లీ బిగించాలి. నట్టు మీద నుంచి ప్లేటు మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి వదలండి, కదిలిందో లేదో వంగి చూస్తే చాలు, తెలుస్తది.