నీళ్ళు బాగానే ఉన్నాయట, మరి చేప సంగతేంటి?

ఫ్యాక్టరీ వదిలే నీళ్ళ మీద గొడవ మొదలైందంటే కొన్నాళ్ళకు ఒక రిపోర్టు వస్తుంది, ఫలానా రసాయనం అనుమతించిన పరిమితికి లోబడే ఉందని. చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. మా పేచీ ఆ అంకెతో కాదు, దాన్ని కొలిచిన చోటుతో. ల్యాబుకు పట్టుకెళ్ళింది సీసాడు నీళ్ళని, విషం చేరిందేమో చేపలో.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ కథ పాతదే అయినా మళ్ళీ చెప్పుకోవాలి. ఆ సరస్సు మీద ముసిరే చిన్న పురుగులు కుట్టేవి కూడా కాదు, గాలం వేసుకునేవాళ్ళకీ షికారుకొచ్చేవాళ్ళకీ చికాకు, అంతే. వాటిని వదిలించుకోవడానికి 1949లో డీడీటీకి దగ్గరి చుట్టమైన డీడీడీ అనే పురుగుమందు కలిపారు, అదీ ఎంతో జాగ్రత్తగా లెక్కేసి, 7 కోట్ల పాళ్ళ నీటికి ఒక్క పాలు చొప్పున. పురుగులు పోయాయి, మళ్ళీ వచ్చాయి, 1954లో మోతాదు కాస్త పెంచి ఇంకోసారి వేశారు. ఆ చలికాలంలో గ్రీబ్ అనే నీటి పక్షులు వందకు పైగా చచ్చిపడ్డాయి. ఏదో అంటురోగం అనుకుని వెతికితే రోగమేదీ దొరకలేదు, 1957లో మూడోసారీ మందు పడింది, పక్షులు మళ్ళీ చచ్చాయి, అప్పుడు గానీ వాటి కొవ్వు తీసి పరీక్షించాలని ఎవరికీ తోచలేదు. నీళ్ళలో కలిపింది పది లక్షల పాళ్ళకు 0.02, పక్షి కొవ్వులో తేలింది 1600. అంటే 80 వేల రెట్లు. ఇంకో మాట కూడా చెప్పాలి: చివరిసారి మందు వేసిన కొద్దికాలానికే సరస్సు నీళ్ళలో దాని జాడే లేకుండా పోయింది, ఆ రోజు ఎవరైనా రిపోర్టు రాసి ఉంటే నీళ్ళు భేషుగ్గా ఉన్నాయని నిజాయితీగానే రాసి సంతకం పెట్టేవారు.

ఇందులో మాయేమీ లేదు. నీళ్ళలో కరిగేదాన్ని ఒళ్ళు మూత్రంతో బయటికి పంపేస్తుంది. డీడీటీ, పీసీబీల (ఫ్యాక్టరీల్లో తయారయ్యే ఒక రకం రసాయనాలు) వంటివి నీళ్ళలో దాదాపు కరగవు, తొందరగా విరగవు, కొవ్వులో మాత్రం హాయిగా కరుగుతాయి, అందుకే అక్కడే మకాం వేస్తాయి. నాచును తిన్న పురుగు, పురుగును తిన్న చేప, చేపను తిన్న పక్షి... తిన్న తిండిలో ఎక్కువ భాగం బతకడానికే ఖర్చయిపోతుంది, దాంతో వచ్చిన మందు మాత్రం ఖర్చు కాదు, మెట్టు మెట్టుకీ పేరుకుంటూ పోతుంది. దీన్నే పాఠ్యపుస్తకాల్లో జైవిక వృద్ధీకరణం అంటారు, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. కొవ్వు తీసేసి తింటే సరిపోతుంది కదా అనేవాళ్ళూ ఉన్నారు, సరిపోదు, ఎందుకంటే పాదరసపు విషరూపమైన మిథైల్ మెర్క్యురీ చేరేది చేప కండలో, కాడ్మియం అనే లోహం మూత్రపిండాల్లో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, సీసం ఎముకల్లో దాక్కుంటుంది.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది తల్లుల సంగతి. ఓర్కా తిమింగలాల్లో మగవాటి ఒంట్లో వయసుతో పాటు పీసీబీలు పెరుగుతూ పోతాయి, ఆడవాటిలో మాత్రం పిల్లలు పుట్టాక తగ్గుతాయి. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం పాలతో పిల్లకు చేరింది, అందులోనూ తొలిచూలు పిల్లకే పెద్ద వాటా. 1980ల్లో కెనడా ఉత్తరాన ఉండే ఇన్యూట్ అనే ఆదివాసుల్లో తల్లుల పాలు పరీక్షించిన శాస్త్రవేత్తలు, ఫ్యాక్టరీల పొగ సోకని మంచు ప్రాంతం కదా, పోల్చి చూడటానికి శుభ్రమైన నమూనా దొరుకుతుందని వెళ్ళారు. తీరా చూస్తే అదే దేశంలోని దక్షిణ క్యుబెక్ తల్లుల పాలలో కన్నా దాదాపు 5 రెట్లు ఎక్కువ పీసీబీలు. వాళ్ళు తినేది సముద్ర జంతువుల కొవ్వు మరి. (ఇది చదివి తల్లిపాలు మాన్పించే ఆలోచన ఎవరూ చేయొద్దు, బిడ్డకు వాటిని మించింది లేదు.)

ఒంట్లో వెతికితే నిజం ఎంత త్వరగా బయటపడుతుందో జపాన్‌లోని మినమాటాలో తేలింది. పాదరసం చేరిన చేపలు తిని మనుషులకీ పిల్లులకీ వచ్చిన అక్కడి జబ్బు 1956లో అధికారికంగా రికార్డుల్లోకి ఎక్కింది. 1959లో అక్కడి ఫ్యాక్టరీ నడిపే చిస్సో కంపెనీ ఆసుపత్రి డాక్టరే ఆ ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని తిండిలో కలిపి, ప్రయోగంలోని 400 నంబరు పిల్లికి పెట్టి చూశాడు, దానికీ ఊళ్ళో పిల్లులకు వచ్చినట్టే మూర్ఛలు వచ్చాయి. కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది, పాదరసం కలిసిన నీళ్ళు 1968 దాకా వదులుతూనే ఉంది.

కాబట్టి మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. ఏ రసాయనం ఒంట్లో పేరుకుంటుందో అమ్మకానికి రాకముందే పరీక్షించే పద్ధతులు ఉన్నాయి, ఇలా విరగకుండా మిగిలిపోయే రసాయనాల మీద దేశాలు చేసుకున్న 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందంలో దానికి కొలమానం కూడా రాసి ఉంది: నీళ్ళలో కన్నా జలచరాల ఒంట్లో 5000 రెట్లకు మించి చేరేదైతే అనుమానించాల్సిందే అని. అమెరికాలో 1929లో తయారీ మొదలైన పీసీబీలను అక్కడ నిషేధించింది 1979లో. ఆ యాభై ఏళ్ళలో తయారైనవి ఇంకా సముద్రాల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఆ పరీక్ష ముందే జరగాలి, కంపెనీ ఖర్చుతోనే జరగాలి. ఇక ఇప్పటికే నీళ్ళలో కలిసినవాటికి, సీసా పక్కన ఒక చేప కూడా ల్యాబుకు వెళ్ళాలి, అదీ నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల చేప కాదు, ఏళ్ళ తరబడి మిగతా చేపల్ని తిని బలిసిన ముసలి చేప. రిపోర్టులో దాని అంకె కూడా ఉండాలి.